మా సూరిబాబు సన్నీ కాడు

మా మనవడి పేరు వెంకట సూర్యనారాయణ. మా నాన్నగారి పేరు. పెట్టమని నేను అడగలేదు. అమ్మాయీ అల్లుడూ వాళ్ళంతట వాళ్ళే అనుకుని పెట్టారు. ఆ మాట ఫోనులో విన్నప్పుడు నాకు కాసేపు నోరు పెగల్లేదు. అమెరికా ఆస్పత్రులకి బారసాల దాకా ఆగే ఓపిక ఉండదు కనక, పిల్లాడు ఇంటికి రాకముందే బర్త్ సర్టిఫికెట్టు కాయితంలోకి పేరు ఎక్కేసింది. పదకొండో రోజున మా అల్లుడు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో అదే పేరు తెలుగులో రాశాడు. ‘ర్య’ దగ్గర కాస్త తడబడ్డాడు కానీ రాశాడు.

గొడవ భోజనాల దగ్గర మొదలయింది. “ఇంత పొడుగు పేరుతో ఎవరు పిలుస్తారండీ, ముద్దుపేరు ఏమిటి?” అని ఎవరో అడిగారు. అల్లుడు ముందే ఆలోచించి పెట్టుకున్నట్టున్నాడు. “సన్నీ అనుకుంటున్నామండీ. సూర్యుడంటే సన్ కదా!” అన్నాడు. వచ్చినవాళ్ళందరూ భేష్ అన్నారు. నా చేతిలో బూరె చేతిలోనే ఉండిపోయింది.

ముద్దుపేర్ల మీద నాకు కోపమేమీ లేదు. పొడుగు పేరు పెట్టడం, ఆ తరవాత దాన్ని కత్తిరించుకోవడం తెలుగువాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. వెంకటేశ్వర్లు వెంకన్న అవుతాడు, నరసింహం నరసిమ్ములు అవుతాడు, సత్యనారాయణ సత్తిబాబు అవుతాడు. మా నాన్నగారిని మా ఊళ్ళో పూర్తి పేరుతో పిలిచిన మనిషి పోస్టుమాన్ ఒక్కడే. మా నాయనమ్మకి ఆయన సూరీడు, ఈడువాళ్ళకి సూరి, చిన్నవాళ్ళకి సూరిబాబుగారు. గుడిపాటి వెంకటచలం గారు చలంగానే మిగిలారు. శ్రీరంగం శ్రీనివాసరావు గారు ఇంటిపేరులోంచి ఒక శ్రీ, సొంత పేరులోంచి ఒక శ్రీ తీసుకుని శ్రీశ్రీ అయ్యారు. ఇక బుజ్జి, చంటి, పండు లాంటివి పేరుతో సంబంధం లేకపోయినా ఇంట్లోవాళ్ళ ముద్దులోంచి పుట్టినవి. వాటికీ నేను అడ్డు చెప్పను.

నా పేచీ అల్లా, ఆ పేరు ఎవరి నోటి కోసం పెడుతున్నాం అన్న దాని గురించే. సన్నీ అన్నది వాళ్ళమ్మ కోసం కాదు, అమ్మమ్మ కోసం కాదు. అయిదేళ్ళ తరవాత వాడికి పాఠం చెప్పబోయే, ఇంకా ముఖమైనా చూడని ఒక టీచరమ్మ కోసం. ఆవిడ అడగను కూడా లేదు.

“వాళ్ళకి నోరు తిరగదు మావయ్యగారూ” అంటాడు మా అల్లుడు. నేను కెమిస్ట్రీ చదువుకున్నవాణ్ణి కనక నాకు తెలిసిన ఉదాహరణే చెబుతాను. తలనొప్పికి మనం వేసుకునే మాత్ర రసాయన నామం పారా ఎసిటైల్ అమైనో ఫీనాల్. ఇండియాలో పారాసెటమాల్ అంటారు, అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు, సీసా మీద టైలెనాల్ అని ఉంటుంది. ఈ మూడూ ఆ ఒక్క పొడుగు పేరులోంచి తలో చోటా కత్తిరించి అతికించుకున్నవే. మాత్రకి చేసిన ఆ మర్యాద మనవడికి చెయ్యలేమా? ఎసిటమినోఫెన్ అనగలిగిన నాలుక సూర్యనారాయణ దగ్గర ముడిపడుతుందా? నిజానికి వాళ్ళ చిక్కు నాలుకది కాదు. ఇంగ్లీషు మాటలో ఏదో ఒకచోట ఊని పలకాలి. సూర్యనారాయణలో ఎక్కడ ఊనాలో ఎవరూ చెప్పరు కనక తడబడతారు. ఒకసారి పలికి చూపిస్తే వచ్చేస్తుంది. ణ రాదంటారా, న అననివ్వండి. మా నాన్నగారు ఏమీ అనుకోరు.

ఇదంతా చెప్పడానికి నాకేం అర్హత ఉందని మీరు అడగవచ్చు. నా పేరు నాగేశ్వరరావు. ఈ దేశంలో మొదటి ఉద్యోగంలో నన్ను నాగ్ అన్నారు. ఇంగ్లీషులో ఆ మాటకి సణుగుతూ ప్రాణం తియ్యడమని అర్థం. పైఅధికారి మంచివాడు, ఇబ్బందిపడి “నిక్ అంటే ఫరవాలేదా?” అని అడిగాడు. నేను తల ఊపాను. తప్పు ఆయనది కాదు, ఆ తల ఊపినవాడిది. ముప్ఫయ్యేళ్ళు నిక్‌నే. మా అమ్మ మా దగ్గరికి వచ్చి ఉన్న రోజుల్లో ఓ మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. నిక్ ఉన్నాడా అని అడిగారట. అమ్మకి వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో రెండు వాడి, “నో నిక్” అని పెట్టేసింది. సాయంత్రం నాతో, “ఎవరో నిక్కట రా, అలాంటివాళ్ళు ఈ ఇంట్లో లేరని చెప్పాను” అంది. అది నేనేనమ్మా అని చెప్పడానికి నాకు సిగ్గేసి ఊరుకున్నాను. ఆవిడకి చివరి దాకా చెప్పలేదు.

మా అమ్మాయి అన్నపూర్ణ వాదన మాత్రం తీసిపారేసేది కాదు. స్కూల్లో దాన్ని ఆనా చేశారు. “కొత్త టీచరు హాజరు పిలుస్తూ పిలుస్తూ ఒకచోట ఆగిపోయేది నాన్నా. కాయితం కళ్ళ దగ్గరికి తీసుకునేది. అలా ఆగిందంటేనే నా పేరొచ్చిందని నాకు తెలిసేది. ఆవిడ నోరు తెరిచేలోపల చెయ్యెత్తేసి ఆనా అనేదాన్ని. నా కొడుక్కి ఆ నిమిషం వద్దు” అంది. ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళలో అది నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

రెండు రోజులు ఆలోచించాక జవాబు దొరికింది. సన్నీ అని పెట్టినంత మాత్రాన ఆ నిమిషం పోదు. హాజరు పట్టీలో ఉండేది అసలు పేరే. టీచరు ముందుగా వెంకట దగ్గరే ఆగుతుంది. (ఇక్కడి ఫారాల్లో మొదటి గడిలో వెంకట అని రాస్తే డెంటిస్టు దగ్గరా అదే పిలుపు. ఇది మనవాళ్ళలో సగంమంది పడ్డ అవస్థే.) అప్పుడు వీడు లేచి, కాయితంలో ఎక్కడా లేని సన్నీ అన్న పేరు తనదే అని సంజాయిషీ ఇచ్చుకోవాలి. అదే సూరి అంటే ఆ కాయితంలోనే కనబడుతుంది. సత్యనారాయణలోంచి సత్య తీసుకున్న నాదెళ్ళ గారు 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. “బాబీ జిందాల్ గవర్నరు కాలేదా?” అంటాడు అల్లుడు. అయ్యాడు, లూయిజియానాకి 2008 నుంచి 2016 దాకా. అసలు పేరు పీయూష్. నాలుగేళ్ళప్పుడు టీవీలో చూసిన పిల్లాడి పేరు తనే తగిలించుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. సరే, ఆ ముచ్చట తనే తీర్చుకున్నాడు. మావాడికి పదకొండు రోజులు.

అలా ఎంచుకునే వీలు కూడా లేనివాళ్ళు మనకి ముందే దేశాలు పట్టిపోయారు. 1860లో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలోనూ, ఆ వెనక ఓడల్లోనూ చెరుకు తోటల కూలికి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. గుమాస్తా ఎలా వింటే అలా రాశాడు. అప్పలస్వామి అప్పల్సామి అయ్యాడు. నాయుడు ఇంగ్లీషులో చివర రెండు ‘ఓ’లు తగిలించుకుని నాయిడూ అయ్యాడు. అవే ఈ రోజుకీ అక్కడ ఇంటిపేర్లు. ఆ కలం గుమాస్తా చేతిలో ఉండేది. ఇక్కడ ఫారమూ కలమూ మన చేతికే ఇస్తారు. సోషల్ సెక్యూరిటీ కార్డులో మొదటి వరసకి ఖాళీలతో కలిపి 26 ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. వెంకట సూర్యనారాయణకి 21 చాలు. ఇంకా అయిదు మిగిలాయి. ఈ దేశపు సర్కారుకి లేని ఇరుకు మనకి ఎక్కడినుంచి వచ్చింది?

“సూరి అంటే సారీ అని వినబడుతుంది నాన్నా. రోజుకి పదిసార్లు వీడు క్షమాపణ చెబుతున్నట్టుంటుంది” అంది అమ్మాయి. నిజమే, కొన్నాళ్ళు అలాగే వినబడుతుంది. “సన్నీ అంటే ఎండగా ఉందని వినబడదా?” అన్నాను. నవ్వింది కానీ అవునని మాత్రం అనలేదు.

మా ఆవిడ ఈ గొడవలేవీ పట్టించుకోదు. వాణ్ణి కాళ్ళమీద పడుకోబెట్టుకుని, నూనె రాస్తూ, సూరీడూ సూరీడూ అని పిలుస్తుంది. ఎవరూ నేర్పలేదు. అత్తగారింట్లో విన్న పిలుపు అది.

అల్లుడు స్నేహితులతో ఫోనులో ఇప్పటికీ సన్నీ అనే అంటున్నాడు. మొన్న అమ్మాయి ఫోను చేసింది. డే కేర్ ఫారం నింపుతోందిట. “పిల్లాణ్ణి ఏమని పిలవాలి అని ఒక గడి ఉంది నాన్నా. సూరికి ఒక ‘యు’ పెట్టనా, రెండు ‘ఓ’లు పెట్టనా?”

“‘యు’ చాలమ్మా” అన్నాను.