తోడి గాంధారమునకు ఒక మాడ్యూల్

బెంగుళూరున హోసూరు రహదారిమీద బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో పగలెల్ల యంత్రభాగముల కొలతలు చూచుచు, మందుల నాణ్యతను పరీక్షించుచు, ఏదో దూరదేశపు బ్యాంకునకో వాహనమునకో కావలసిన కోడు వ్రాయుచు గడపి, 2025 ఆగస్టులో ప్రారంభమైన పసుపు మార్గపు మెట్రోలో సాయంకాలమునకు ఇల్లు చేరు యువజనులలో తెలుగువారు అనేకులు. వారిలో బాల్యమున సరళీస్వరములు, జంటస్వరములు పాడి, ఒకటి రెండు వర్ణములవరకు సాగి, ఇంజనీరింగు చదువు రాగానే సంగీతమును విడిచినవారును తక్కువ కారు. చెవికి శ్రుతిజ్ఞానము, చేతికి సి ప్లస్ ప్లస్ భాష రెండును అబ్బిన యిట్టివారు చేయవలసిన పని ఒకటి కలదనియు, వారు తప్ప మరియొకరు దానిని సరిగా చేయజాలరనియు నా దృఢవిశ్వాసము. సాఫ్ట్‌వేర్ మాడ్యులర్ సింథసైజరుకు మన సంగీతమును ఎరిగిన మాడ్యూళ్లను రచించుటయే ఆ పని.

ధ్వనిని పుట్టించునది ఒకటి, దానిని వడపోయునది ఒకటి, దాని హెచ్చుతగ్గులను నడపునది మరియొకటి, ఇట్లు వేరువేరు పెట్టెలుగా నున్న అంగములను తీగలతో కలిపి, వాయించువాడు తన వాద్యమును తానే ప్రతిమారును కూర్చుకొను పద్ధతికి మాడ్యులర్ సింథసైజర్ అని పేరు. 1960వ దశకపు నడిమి సంవత్సరములలో అమెరికాలో రాబర్ట్ మోగ్, డాన్ బుక్లా అనువారలు వేర్వేరుగా దీనిని నిర్మించిరి. నాడు విశ్వవిద్యాలయములకును సంపన్నులకును మాత్రమే అందిన ఆ పద్ధతిని ఆండ్రూ బెల్ట్ 2017లో వి.సి.వి. ర్యాక్ అను పేర కంప్యూటరు తెరమీదికి తెచ్చి, దాని కోడును అందరి యెదుట విప్పి ఉంచెను. దానికి కొత్త మాడ్యూల్ చేయగోరువాడు కర్మాగారమును ఆశ్రయింపనక్కరలేదు. ముఖపలకను బొమ్మగా గీసి, మరలు, సాకెట్లు ఎచట నుండవలెనో గుర్తించి, ‘ప్రాసెస్’ అను ఫంక్షనులో తన ఆలోచనను వ్రాసిన పని నడచును. సెకనుకు 44,100 శాంపిళ్ల వేగమున నడచునపుడు ఆ ఫంక్షను సెకనుకు 44,100 మారులు పిలువబడును. పిలిచిన ప్రతిమారును వచ్చు తీగలలోని వోల్టులను చదివి, పోవు తీగలలో ఎన్ని వోల్టులు పెట్టవలెనో అది చెప్పవలెను. తెరమీద విద్యుత్తు లేదు, ఉన్నవి సంఖ్యలే. అయినను వానిని వోల్టులనియే పిలుచుట ఆచారము.

ఈ వోల్టుల ఆచారములోనే మన సమస్యయు ఉన్నది. సున్న వోల్టు అనగా 261.63 హెర్ట్‌జుల స్వరము. ఒక వోల్టు పెరిగినచో స్వరము ఒక స్థాయి పైకి పోవును. ఇంతవరకు చిక్కు లేదు. కాని ఆ వోల్టును పండ్రెండు సమభాగములుగా కోసి, వచ్చిన ప్రతి స్వరమును సమీపమున నున్న మెట్టుమీదికి నెట్టు క్వాంటైజర్ అను మాడ్యూలును ఆరంభకులు తరచుగా చేపట్టుదురు. సున్న వోల్టును షడ్జముగా పెట్టుకొన్నచో ఆ లెక్కలో అంతర గాంధారము 0.3333 వోల్టు, అనగా 329.63 హెర్ట్‌జులు. తంబురా మీటినపుడు షడ్జతంత్రినుండి తానుగా వెలువడు గాంధారము, ఆ తంత్రి అయిదవ అనుస్వరము (హార్మోనిక్), ఈ స్థాయికి దింపి చూచినచో 327.03 హెర్ట్‌జులు, అనగా 0.3219 వోల్టు. భేదము స్వల్పమని తోచవచ్చును. కాని ఈ సమభాగపు గాంధారమును మంద్రషడ్జపు తంబురాతో కలిపి వినుడు: దాని రెండవ అనుస్వరము మంద్రషడ్జపు అయిదవ అనుస్వరముతో కలియక, సెకనుకు అయిదు విస్పందనములు పుట్టించి, శ్రుతిని కలతపెట్టును. ఏ సంగీత విద్యార్థికైనను ఇది చెవికి తెలియును. క్వాంటైజరును రచించినవానికి తెలియలేదు, ఏలయన అతని సంగీతమునకు దాని అవసరము లేకుండెను. అతనిని తప్పుపట్టుటకు వీలు లేదు. సూక్ష్మస్వరములకు చోటిచ్చు మాడ్యూళ్లును లేకపోలేదు, కాని వానిలో అధికభాగము మెట్లను మార్చునవే గాని, మెట్టునుండి మెట్టునకు పోవు దారిని గూర్చి మాటాడవు.

శాస్త్రమును సంగీతమును ఒక్క చోట చేర్చిన సంప్రదాయము బెంగుళూరునకు కొత్తది కాదు. తంబురా, వీణల గుర్రపు వంపువలన, యంగ్, హెల్మ్‌హోల్ట్‌జుల నియమము ప్రకారము వినబడగూడని అనుస్వరములు సైతము వినబడునని 1921లో ప్రకటించిన సి. వి. రామన్, 1933లో ఈ నగరమునకు వచ్చిన పిమ్మట, మరుసటి సంవత్సరమే మృదంగము, తబలాల చర్మకంపనములపై వ్యాసము వెలువరించెను. ఇంజనీరును వేణువాదకుడును అయిన జి. రాజ్ నారాయణ్ ఈ నగరముననే రాడెల్ సంస్థను స్థాపించి, ఎలక్ట్రానిక్ తంబురాను నాలుగు దశాబ్దములకు పైగా గాయకుల ఇండ్లకు చేర్చుచున్నారు. నేడు దానిని వినని సంగీత పాఠశాల దక్షిణదేశమున అరుదు. ఈ కృషికి నా నమస్కారము. అయినను ఆ పెట్టెలోనిది ముగిసిన వాద్యము: కొన్నవాడు శ్రుతిని మార్చవచ్చును, వేగమును మార్చవచ్చును, తంబురాను మరియొకటిగా మార్చజాలడు. వాద్యమును అనుకరించుటతో ఇంజనీరు పని ముగిసినదను భావము మనలో స్థిరపడినది. మాడ్యూల్ రచించువాడు వాద్యమునకు బదులు దానిలోని ఒక్క గుణమును విడదీసి, అంగముగా చేసి, ఇతరుల చేతికిచ్చును. అతడు కలలోనైన ఊహింపని చోట వారు దానిని తగిలింతురు.

ఈ వివేచనయు మనకు పాతదే. 1550లో రామరాయల ఆశ్రయమున స్వరమేళకళానిధిని రచించిన రామామాత్యుడు, ఒక్క రాగమునకు మెట్లు అమర్చిన వీణ వేరు, సర్వరాగములకును చాలునట్లు మెట్లు అమర్చిన వీణ వేరు అని విభజించి చెప్పెను. మెట్టు ఎచట పెట్టవలెనను నిర్ణయము సంగీత నిర్ణయమే యని అతడు ఎరుగును.

ఇక తోడి రాగమును తీసికొందము. తోడిలోని సాధారణ గాంధారము 0.25 వోల్టుదగ్గర నిలిచియుండు స్వరము కాదు. రిషభప్రాంతమునుండి మధ్యమమువైపు ఊగుచు పలుకునది. నేర్పరియైన ప్రోగ్రామరు దీనిని విని, 0.25 వోల్టునకు సెకనుకు అయిదారు మారులు ఊగు అలను కలిపి, క్రింద 0.083, పైన 0.417 వోల్టులవరకు పోనిచ్చి, పని అయినదనుకొనును. సగటు సరిగా గాంధారముననే పడినది, ఊపు అందినది, లెక్క తప్పలేదు. అయినను వినినచో తోడి కాదు, జ్వరము వచ్చిన గొంతువలె నుండును. తప్పు ఆకారములో ఉన్నది. గాయకుని గొంతు ఆ దారిలో ఒక చోట నిలుచును, ఒక చోట తాకి వదలును, ఎక్కుటకు పట్టిన కాలము దిగుటకు పట్టదు. రెండవకాలమున పాడినపుడు ఊపులు రెట్టింపు వేగమున పరుగెత్తవు, సంఖ్యలో తగ్గును. సెకనుకు అయిదు ఊపులని పెట్టినచో ఒక్కొక్క ఊపునకు 8,820 శాంపిళ్లు దక్కును. ఆ 8,820లో నిలుపునకెన్ని, ఎక్కుటకెన్ని, దిగుటకెన్ని యను పంపకమే గమకము. అది మరలరూపమున ముఖపలకమీదికి రావలెను.

ఇంతకన్న పెద్ద చిక్కు మరియొకటి కలదు. స్వరము పలుకు తీరు తరువాత రాబోవు స్వరముపై ఆధారపడును: మధ్యమమునకు పోవుచున్న గాంధారమును రిషభమునకు దిగుచున్న గాంధారమును గాయకుడు ఒకే తీరున పలుకడు, ఎచటికి పోవుచున్నాడో అతనికి ముందే తెలియును. తీగమాత్రము వర్తమానమునే మోసికొని వచ్చును. కనుక గమకపు మాడ్యూల్ రచించువాడు రెండు దారులలో ఒకటి ఎన్నుకొనవలెను: వచ్చిన స్వరమును కొంచెము ఆపి, తరువాతి స్వరమును చూచిన పిమ్మట పలికించుట ఒకటి, రెండవ సాకెట్టు పెట్టి, స్వరావళిని నడపు మాడ్యూలునుండి రాబోవు స్వరమును ముందుగనే తెప్పించుకొనుట మరియొకటి. మొదటిదానిలో చేతితో వాయించువానికి ఆలస్యము తోచును. రెండవదానిలో రాబోవునది ముందే వ్రాసియుండవలెను గనుక మనోధర్మమునకు చోటు తగ్గును. నేను రెండవదానినే కోరుదును, వర్ణములకు కృతులకు అది చాలును గనుక. ఆలాపనకు మొదటి దారిని వేరు మాడ్యూలుగా చేయవచ్చును. ఇట్టి నిర్ణయములను తోడి పాడని వాడు ఎట్లు చేయగలడు?

గమకము గురుముఖమున రావలసినదే గాని యంత్రమునకు లొంగునది కాదని పెద్దలు చెప్పుదురు. ఆ మాటను నేను తేలికగా తీసివేయను. కాని 1904లో ఎట్టయాపురమునుండి, చిన్నస్వామి మొదలియారు ప్రోద్బలముతో, తెలుగున వెలువడిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో సుబ్బరామ దీక్షితులు కంపితము, స్ఫురితము, నొక్కు, జారు మొదలగు గమకములకు వేర్వేరు గుర్తులు కల్పించి, కృతులలో ఏ స్వరముపై ఏ గుర్తు పడవలెనో చూపిరి. గురువునకు బదులు గుర్తు చాలునని వారు తలపలేదు. గొంతులోనున్నది నలుగురు చూచి చర్చించునట్లు కాగితముమీదికి రావలెనని తలచిరి. వారు పేరు పెట్టిన ఒక్కొక్క గమకమును ఒక్కొక్క మాడ్యూలుగా చేయుటకు ఆ గ్రంథముకన్న మంచి ఆధారము ఎచటను దొరకదు. అది తెలుగు చదువనేర్చిన ఇంజనీరుకు నేరుగా అందునది.

యంత్రము చేతికి వచ్చియు పని నిలువని అనుభవము మనకు ఒకమారు కలిగినది. 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు మోగ్ సింథసైజర్ వచ్చెను. సంగీతకర్త డేవిడ్ ట్యూడర్ స్టూడియోను అమర్చిపోగా, గీతా సారాభాయి మొదలగువారు దానిపై పని చేసిరి. కొన్ని సంవత్సరములలోనే ఆ పని ఆగిపోయెను. టేపులు దశాబ్దముల తరబడి అరలలో నుండి, 2023లో గాని ఆల్బముగా వెలువడలేదు. యంత్రము వచ్చినను, దాని లోపలి అంగములను మన అవసరమునకు తిరిగి మలచుకొను వీలు నాటివారికి అంతగా లేకుండెను. నేడు ఆ వీలు ప్రతి ల్యాప్‌టాపులోను ఉన్నది.

తాళమున పని మరింత సులభము గనుక ఆరంభించువారు అచటనే ఆరంభింపవచ్చును. సీక్వెన్సరులు ఎనిమిది, పదునారు అడుగులతో సిద్ధముగా వచ్చును. ఆదితాళమునకు అవి సరిపోవును. పచ్చిమిరియము ఆదియప్పయ్య భైరవి వర్ణము ‘విరిబోణి’ నడచునది ఖండజాతి అటతాళమున, అనగా అయిదు, అయిదు, రెండు, రెండు, మొత్తము పదునాలుగు అక్షరములు. లఘువునకు జాతిని ఎన్నుకొను మర ఒకటి, ఏడు తాళములకు ఒకటి, లఘువు మొదలైనపుడు ఒక సాకెట్టునుండి, ద్రుతము మొదలైనపుడు మరియొక సాకెట్టునుండి, అనుద్రుతము మొదలైనపుడు మూడవ సాకెట్టునుండి పది వోల్టుల సంకేతము: ఇంతటితో ముప్పదియైదు తాళములు ఒక్క పలకలో ఇమిడిపోవును. ఆ పలకమీద తెలుగు వ్రాయుటకు అడ్డేమియు లేదు. ర్యాక్ బొమ్మలోని ఏ భాషాక్షరమును చదువజాలదు గనుక, ఇంగ్లీషువారును తమ అక్షరములను గీతలుగా మార్చియే పెట్టవలసియున్నది; మన వత్తులు, గుణింతములు ఆ గీతలలో చెక్కుచెదరవు.

మొదటి రూపము సిద్ధమైన నాడే, లోపములు తీరువరకు దాచుకొనక, కోడుతోసహా దానిని విజయనగరపు మహారాజా సంగీత కళాశాలకును విజయవాడలోని ఘంటసాల సంగీత కళాశాలకును పంపవలెనని నా కోరిక. అచటి వైణికులు మరలను త్రిప్పి చూచి, ఈ నిలుపు ఎక్కువైనది, ఈ దిగుడు తొందరపడినది అని చెప్పుదురు. ఇంజనీరు ఆ సంఖ్యలను మార్చి, ఎవరి పాఠాంతరమును అనుసరించి మార్చినదియు కోడులోనే వ్రాసియుంచవలెను.