“ఉత్త బీరేగా!”

“అక్కా, బెల్జియంలో నువ్వు బీరు తాగావటగా!”

విమానం దిగి నాలుగు రోజులైనా కాలేదు, మా పిన్ని కూతురు ఫోను. ఈ కబురు నాకంటే ముందే ఊరు చేరినట్టుంది.

“తాగానే, మూడు గుక్కలు” అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత గొంతు తగ్గించి, “బావగారికి తెలుసా?” అంది.

తెలియకేం! నా పక్కనే కూర్చుని ఆ గ్లాసు ఖాళీ చేసింది ఆయనేగా! ఆ మాట చెప్పగానే మా చెల్లెలు హాయిగా నవ్వేసింది. ఆయన గ్లాసుడు తాగితే నవ్వు, నేను మూడు గుక్కలు తాగితే వార్త. అది ఎలాంటి బీరో, అందులో ఏముందో, ఎంత ఘాటో అడగనేలేదు. నాకు బాధనిపించింది అందుకే. ఎవరు తాగారన్నది తప్ప ఎంత తాగారన్నది మన ఇళ్లలో ఎవరికీ పట్టదు.

అసలు సంగతి చెబుతాను. మా అమ్మాయి లూవెన్‌లో యూనివర్సిటీలో పనిచేస్తోంది. ఒక ఆదివారం మమ్మల్ని ఆర్దెన్ కొండల్లో ఉన్న అషూఫ్ అనే చిన్న పల్లెకు తీసుకెళ్లింది. 1982లో ఇద్దరు బావాబావమరుదులు మొదటి విడతగా 49 లీటర్ల బీరు కాచి అక్కడ బట్టీ పెట్టారు. తర్వాత 2006లో అది పెద్ద కంపెనీ చేతికి వెళ్లిందనుకోండి. సీసా మీద ఎర్రటోపీ పెట్టుకున్న గడ్డం తాత బొమ్మ. నన్ను మొదట ఆకర్షించింది ఆ బొమ్మే తప్ప లోపలి సరుకు కాదు!

“అమ్మా, దీన్లో ఇండియా ఉంది, రుచి చూడు” అంది మా అమ్మాయి. దాని పేరు ఊబ్లోన్ షూఫ్. 2006లో ప్రయోగంగా మొదటిసారి చేసినప్పుడు దానికి తగిలించిన పూర్తి పేరు “డొబెలెన్ ఐపిఎ ట్రిపెల్”. రెండు దేశాల పాత పద్ధతుల్ని ఒక్క సీసాలో కలిపారన్నమాట.

ఐపిఎ అంటే ఇండియా పేల్ ఏల్. కంపెనీ దొరల కాలంలో లండన్ నుంచి, తర్వాత బర్టన్ అనే ఊరి నుంచి మద్రాసుకీ కలకత్తాకీ ఓడల్లో వచ్చిన బీరు. నెలల తరబడి సముద్రం మీద పాడవకుండా అందులో హాప్స్ దండిగా వేసేవాళ్లు. హాప్స్ అంటే ఒక తీగకు పూసే పచ్చని పూలు, చేదుగా ఉంటాయి. ఆవకాయ నిలవుండాలని మనం ఉప్పు ఎక్కువ వెయ్యమూ, అలాగే. హాప్స్ చేదుకు పానీయాన్ని నిలవుంచే గుణం ఉందని పన్నెండో శతాబ్దంలోనే రాసిన వాళ్లలో జర్మనీ సన్యాసిని హిల్డెగార్డ్ ఒకరు. ఒక ఆడమనిషి గమనించిన సంగతి ఇది! ఇంతకీ ఆ బీరుకి పేరు మాత్రం మనది, తాగింది దొరలు. ఇప్పుడు దాన్ని ఇంకా చేదుగా, ఇంకా ఘాటుగా కాస్తే డబుల్ ఐపిఎ అంటున్నారు. ఈ మోజు అమెరికాది.

ట్రిపెల్ మాత్రం అచ్చంగా బెల్జియంది. వెస్ట్‌మాల్ మఠం సన్యాసులు 1934లో చేసిన బంగారు రంగు బీరు దీనికి పెద్దక్క లాంటిది. ఇందులో ఒక కిటుకుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో పాటు చక్కెర కూడా వేస్తారు. ఆ చక్కెరను ఈస్టు పూర్తిగా తినేసి ఆల్కహాలుగా మార్చేస్తుంది. అందుకని చిక్కదనం పెరగదు గానీ ఘాటు పెరుగుతుంది. నోటికి తేలిగ్గా ఉంటుంది, లోపల మాత్రం తొమ్మిది శాతం!

సరే, రుచి సంగతి. తులిప్ పువ్వులా పొట్ట ఉబ్బి అంచు విచ్చుకున్న గ్లాసులో పోశారు. రంగు పలచని తేనెలా, కాస్త మసగ్గా ఉంది. పైన వేలెడు మందాన నురుగు. వాసన చూస్తే పంపరపనస తొక్క తీస్తున్నట్టుంది. అది అమెరికా హాప్స్ వాసనట. చెక్ దేశపు హాప్స్ కూడా ఉన్నాయి, వాటిది ఎండుగడ్డి లాంటి వాసన. మొదటి గుక్కలో తీపి తగిలింది, లవంగమేదో వేశారా అనిపించింది. వెయ్యలేదట, ఈస్టే ఆ వాసన పుట్టిస్తుందట. హమ్మయ్య అనుకునే లోపే చేదు దిగింది. బెల్లం పెట్టి వండిన కాకరకాయ పులుసులో ముక్క కొరికినట్టు, మింగాక కూడా నాలుక వెనక నిలిచే చేదు. మా ఆయన మొహం చిట్లించారు. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, నచ్చింది. చేదు తినడం అలవాటున్న నాలుకకు కొత్తేముంది?

మూడో గుక్కకే చెవులు వెచ్చబడ్డాయి. గ్లాసు ఆయన వైపు జరిపేశాను. పక్క బల్ల దగ్గర ఓ ముసలి జంట ఒక్కో గ్లాసు పెట్టుకుని గంటన్నర కూర్చున్నారు. ఆ దేశంలో ఘాటు బీరంటే నిదానంగా తాగాల్సిన బీరని అర్థం. వాళ్లంతా బుద్ధిమంతులని నేననను, అక్కడా తాగి పాడైనవాళ్లుంటారు. మా అల్లుడు ఆ సాయంత్రం చుక్క ముట్టలేదు. “ఇవాళ నేను బాబ్‌ని అత్తయ్యా” అన్నాడు. కారు నడపాల్సిన రోజున తాగకుండా ఉండేవాణ్ణి అక్కడ బాబ్ అంటారు, 1995లో మొదలైన ప్రచారం నుంచి వచ్చిన మాట. తాగనన్నవాణ్ణి ఎవరూ “ఒక్క పెగ్గే కదరా” అని బతిమాలలేదు, అది చూసి ఎంత ముచ్చటేసిందో!

ఇక మన సంగతికొద్దాం. మన దగ్గర స్ట్రాంగ్ అంటే త్వరగా ఎక్కాలి, డబ్బులు గిట్టాలి. బీరును ఎవరూ మందు కింద లెక్కే వెయ్యరు. “మందు మానేశాడమ్మా, ఉత్త బీరే” అని తల్లులు, పెళ్లాలు ఎంతమంది సర్దిచెప్పుకోలేదు! ఒక్కసారి లెక్క కట్టి చూడండి. మనదేశంలో 5 శాతం దాటి 8 శాతం దాకా ఉన్నది స్ట్రాంగ్ బీరు. 650 మిల్లీలీటర్ల పెద్ద సీసా, 8 శాతం అయితే, అందులో అసలు ఆల్కహాలు 52 మిల్లీలీటర్లు. మన విస్కీ 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు రెండు కలిపితే 51 చిల్లర. అంటే ఒక్క ‘ఉత్త బీరు’ రెండు పెద్ద పెగ్గులు! నేను రుచి చూసిన ఆ చిన్న సీసా, 330 మిల్లీలీటర్లది, అదీ ఒక పెద్ద పెగ్గు మీద కాస్త ఎక్కువే.

నేను తాగుడుకి వకాల్తా పుచ్చుకున్నానని దయచేసి అనుకోకండి. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన 1992 నాకు బాగా గుర్తుంది. ఎంత తాగినా ఫరవాలేదన్న హద్దంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. రొమ్ము క్యాన్సర్‌కీ మద్యానికీ సంబంధముంది, అది కొద్దిగా తాగేవాళ్లకూ వర్తిస్తుంది. ఆడవాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి అదే గ్లాసు మనకు ఎక్కువ ఎక్కుతుంది కూడా. ఇవన్నీ మన అమ్మాయిలకు చెప్పాల్సిన మాటలే. కానీ మనం చెప్పేది ఏమిటి? “నలుగురూ ఏమనుకుంటారు?” అని. ఆఫీసు పార్టీలో చేతికిచ్చిన గ్లాసులో ఎంత శాతం ఉందో చూసుకోవడం ఆ పిల్లకు ఎవరు నేర్పాలి? పోనీ మగపిల్లాడికైనా నేర్పుతున్నామా? “వాడికేం, మగాడు” అని ఊరుకుంటున్నాం. ఊరుకున్నందుకు ఏమవుతుందో మా ఇంట్లో చూశాం.

మా పెద్దన్నయ్య లెక్చరరు. చాలా మంచివాడు. పిల్లలు పుట్టాక విస్కీ మానేశానన్నాడు, మేమంతా సంతోషించాం. రోజూ సాయంత్రం రెండు బీర్లు. “ఉత్త బీరేగా” అని అమ్మ అనేది, వదిన అనేది, నేనూ అన్నాను. కాలేయం పాడైందని డాక్టరు చెప్పిననాడు కూడా, “మానేశాడు కదండీ!” అనే అన్నాం. యాభై రెండో ఏట పోయాడు.

అషూఫ్ నుంచి ఖాళీ సీసా ఒకటి తెచ్చుకున్నాను, మనీప్లాంటు పెడదామని. కిందటి వారం వదిన వచ్చినప్పుడు వంటింటి గట్టు మీద అది చూసి, తాత బొమ్మ బావుందే అని చేతిలోకి తీసుకుంది. కళ్లజోడు సర్దుకుని చుట్టూ తిప్పి చూసింది.

“ఇక్కడ తొమ్మిది అని ఉంది, ఏమిటది?”

చెప్పాను.

“మనవాటి మీద కూడా ఉంటుందా?” అంది.

ఉంటుందన్నాను. వదిన పద్దెనిమిదేళ్లు ప్రతి ఆదివారం ఆ సీసాలు కడిగి, లెక్కపెట్టి, పాత సామాన్లవాడికి వేసిన మనిషి. సీసా మళ్లీ గట్టు మీద పెట్టేసి, కాఫీ కలుపుతానంటూ పొయ్యి దగ్గరికి వెళ్లింది.