దంతవైద్య విద్యార్థులును కృత్రిమ మేధయు

దంతముల ఎక్సురే పటమును జూచి, పిప్పిపన్ను ఏది, ఎముక ఎచ్చట తఱిగినది యను సంగతిని రంగులతో గుర్తించి చూపు కృత్రిమ మేధా సాధనములు వైద్యశాలలకు వచ్చినవి. అమెరికా ఆహారౌషధ శాఖ 2022 నాటికే యిట్టివానిని కొన్నిటిని అనుమతించియున్నది. మన దంతవైద్య విద్యార్థులు వీనిని కళాశాలలో నేర్చినను నేర్వకున్నను, పట్టము పుచ్చుకొనిన పిమ్మట వాడకపోరు. ధర్మముగా వాడు తెఱంగును వారికెవరు నేర్పవలయును?

చిలకలూరిపేట చుట్టుపట్ల గ్రామములవారు పంటినొప్పి వచ్చినచో పేటలోని వైద్యుని కడకో, సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న గుంటూరునకో పోవుదురు. మిరపకోతకు పోవు కూలిమనిషికి పంటి చికిత్స యనగా ఎన్నో దినముల కూలి. తెరపై తన దంతములు మూడు ఎఱ్ఱగా వెలిగినచో ఆమె యేమని ప్రశ్నింపగలదు? కాటాయొద్ద పత్తి తూకమును, తేమ పేరిట కోయు తరుగును వ్రేళ్లపై లెక్కగట్టు రైతు సైతము ఆ తెరయెదుట మూగవాడే. యంత్రము చెప్పినదన్న మాట వైద్యుని మాటకంటె బరువుగా దోచును. పంటి పైపొరయగు ఎనామిలును ఒకమారు తొలిచిన పిదప అది తిరిగి పెరుగదు. అక్కఱలేని తొలుపునకు ఆ యెఱ్ఱరంగు సాక్ష్యముగా నిలుచునేమో యనియే మా భయము.

యంత్రము తప్పు చేయదను భ్రమ విద్యార్థికి మొదటనే పోవలయును. ఎక్సురేలో పంటి మెడయొద్ద సహజముగా గానవచ్చు నల్లని నీడను పిప్పి యని భ్రమించుట మనుష్యులకే కలదు. ఆ మనుష్యులు గుర్తించి యిచ్చిన పటములనుండి నేర్చిన యంత్రమునకు లేకపోవునా? అంతేకాక, ఏ దేశపు నోళ్లను జూపి నేర్పిరో ఆ నోళ్లనే యది యెఱుగును. మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధి మొట్టమొదట 1937లో శాస్త్రీయముగా వర్ణింపబడినది నాటి మద్రాసు రాజధానియందే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములవారికి ఆ గోధుమరంగు దంతముల సంగతి క్రొత్తగాదు. వానిని ఎన్నడును జూడని సాధనము ఛాయాచిత్రమును బట్టి తీర్పు చెప్పినచో దానికేమి విలువ? శ్రీకాకుళ, విశాఖ తీరములందు అడ్డపొగ త్రాగు స్త్రీల అంగిలిపై గలుగు మార్పులును అట్టివే. తక్కెళ్లపాడు మొదలుకొని మన కళాశాలలకు వచ్చు రోగులను జాగ్రత్తగా పరీక్షించిన విద్యార్థికి తెలిసినది యంత్రమునకు తెలియకపోవచ్చును.

రహస్యపాలన మఱియొక సంగతి. రోగి పేరుతో గూడిన ఎక్సురేను జేబులోని ఫోనుతో ఫొటో తీసి, ఏదో సంభాషణ యంత్రమునకు బంపి సలహా యడుగుట విద్యార్థికి క్షణకాలపు పని. ఆ పటము ఏ దేశమున నిలువయుండునో అతనికే తెలియదు. భారత వైద్య పరిశోధనా మండలి 2023లో ప్రకటించిన నియమములందు రోగి సమ్మతి, గోప్యత, జవాబుదారీతనము చెప్పబడియే యున్నవి. అదే సంవత్సరమున వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును వచ్చినది. ఇక వ్యాసములు వ్రాయునపుడు ఈ యంత్రములు లేని గ్రంథములను ఉన్నట్లు చూపుటయు కలదు. నిషేధించుడని కొందఱు పెద్దలందురు. అందఱి జేబులలో నున్నదానిని నిషేధించుట నోటిమాటయే యగును.

1948 నాటి దంతవైద్యుల చట్టమునకు మాఱుగా జాతీయ దంతవైద్య కమిషను చట్టము 2023లో చేయబడినది. పాఠ్యక్రమమును తిరిగి దిద్దుటకు ఇది తగిన సమయము. నీతిపాఠమని ఒక గంట ఉపన్యాసమిచ్చి హాజరు వేసికొనిన చాలదు. విద్యార్థి మొదట తానే పటమును జూచి తన నిర్ణయమును కాగితముపై వ్రాయవలయును. పిమ్మటనే యంత్రపు గుర్తులను జూడవలయును. రెంటికి భేదమున్నచో అధ్యాపకుని యెదుట కారణము చెప్పవలయును. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయమువారు ప్రయోగ పరీక్షలో యంత్రము తప్పుగా గుర్తించిన పట మొకటి యిచ్చి, ఆ తప్పు నెత్తిచూపి రోగికి తెలుగున వివరింపుమని యడిగినచో, కళాశాలలన్నియు మఱుసటి యేడే ఈ విద్యను శ్రద్ధతో నేర్పనారంభించును.