దరువు ఆయనది, చెవులు అందరివీ

కుక్కర్‌కి రబ్బరు కొనేటప్పుడు మనం ఎన్ని ప్రశ్నలు వేస్తామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. కంపెనీదేనా? అయిదు లీటర్లదేనా? ఆవిరి కారితే మార్చి ఇస్తారా? ఒక చిన్న రబ్బరు ముక్కకి ఇంత ఆరా. అదే, లక్షలు పోసి కొన్న కారుకి నాలుగు తలుపులూ విప్పించి, వైర్లు కోయించి, కొత్త స్పీకర్లు పెట్టించుకొస్తే మనలో చాలామంది ఒక్క ప్రశ్న కూడా వెయ్యరు. "అదంతా ఆయన చూసుకుంటారు" అనేస్తారు. ఆ మాట మీదే నా గొడవంతా.

ముందే చెప్తున్నాను, పాటలంటే నాకు ప్రాణం. అసలు మన ఆడవాళ్ళకి పాట వినే చోటేదో చెప్పండి. హాల్లో టీవీ రిమోట్ మన చేతికి రాదు. వంటింట్లో మిక్సీ, ఎగ్జాస్ట్ ఫ్యాను. తలుపులేసుకుని ప్రశాంతంగా ఒక పాట పూర్తిగా వినగలిగేది కారులోనే. గాజువాక నుంచి ఎంవీపీ కాలనీలో మా పుట్టింటికి వెళ్ళాలంటే, ఎన్ఏడీ దగ్గర రద్దీ దొరికితే గంట పడుతుంది. ఆ గంట నాకు బంగారం. కాబట్టి కారుతో వచ్చిన నాసిరకం స్పీకర్లు మార్చుకోండి, తప్పేం లేదు. బేస్ మోడల్ కొన్నవాళ్ళకి అవి కూడా ఉండకపోవచ్చు, పెట్టించుకోవాల్సిందే. నేను అడిగేదల్లా ఏ స్పీకర్లు, ఎవరి కోసం, ఎలా బిగించారు, ఇంట్లో ఎవర్ని అడిగారు అని.

షాపులో డెమో ఎలా జరుగుతుందో ఎప్పుడైనా చూశారా? ఆయన్ని స్టీరింగ్ ముందు కూర్చోబెడతారు. దరువు ఎక్కువున్న పాట ఒకటి పెడతారు. అద్దాలు అదురుతాయి. ఆయన మొహం వెలిగిపోతుంది. అంతే, బేరం కుదిరిపోయింది. వెనక సీట్లో పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చోబెట్టి డెమో ఇచ్చిన షాపు నాకు ఇంతవరకూ తగల్లేదు. కారు వాడేది నలుగురం, ఎంపిక మాత్రం ఒక్క సీటు నుంచి. ముందు వాళ్ళకి వెనకాల వినబడట్లేదని వాల్యూమ్ పెంచుతారు. వెనక తలుపు స్పీకరు పక్కనే కూర్చున్న చంటిదాని సంగతి ఎవరికీ పట్టదు. అత్తగారు "కాస్త తగ్గించు నాన్నా" అన్న మాట ఆ హోరులో ముందుదాకా చేరనే చేరదు.

ఇది చాదస్తం కాదు, లెక్కుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినొచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే వారం మొత్తానికి 4 గంటలే. పది పెరిగినందుకు సమయం పదో వంతుకి పడిపోయింది చూడండి. పిల్లలకైతే ఆ 40 గంటల హద్దు 75 డెసిబెల్స్ దగ్గరే ఉంది. చెవి లోపల వినికిడి కణాలు ఒకసారి పోతే మళ్ళీ పుట్టవు. పాల పన్ను ఊడితే ఇంకోటి వస్తుంది గానీ చెవి విషయంలో ఆ సదుపాయం లేదు. మన ఫోన్లో ఉచితంగా దొరికే సౌండ్ మీటర్ యాప్ ఒకటి వేసుకుని, వెనక సీట్లో పిల్ల తల దగ్గర పెట్టి చూడండి. యాప్ అంకె పక్కాగా ఉండకపోవచ్చు, కానీ వాదించడానికి పనికొస్తుంది.

మన ఊరి సంగతి ఇంకో రకం. ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీ ఉంది, పోర్టు ఉంది, రిఫైనరీ ఉంది. అవన్నీ రాత్రింబవళ్ళు నడుస్తాయి. మోత ఉన్న చోట పనిచేసే మనిషి చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకుని షిఫ్టు చేస్తాడు. బయటికొచ్చి ప్లగ్‌లు తీసి, తన కారెక్కి, తన డబ్బుతో పెట్టించుకున్న స్పీకర్లతో అదే చెవుల్ని బాదించుకుంటాడు! ఫ్యాక్టరీలో చెవులు కాపాడటానికి సేఫ్టీ ఆఫీసరున్నాడు. కారులో ఆ ఉద్యోగం మనదే, ఎవరూ ఆర్డరు ఇవ్వకపోయినా.

శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో నివాస ప్రాంతాలకి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టారు. రాత్రంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. కానీ మన ఊళ్ళో ఎన్ని ఇళ్ళకి రాత్రి పొద్దున్న ఆరింటికే మొదలవుతుందో ఆ నిబంధనలు రాసినవాళ్ళకేం తెలుసు? నైట్ డ్యూటీ నుంచి వచ్చిన మనిషికి కాఫీ ఇచ్చి, కర్టెన్లు వేసి, కాలింగ్ బెల్లు ఆపేసి, పిల్లల్ని పక్కింటికి పంపి నిద్రపుచ్చే ఇల్లాళ్ళని ఉక్కునగరంలో, మల్కాపురంలో, సింధియాలో అడగండి. పదకొండింటికి ఒక కారు వీధిలోంచి ధనాధన్ మని వెళ్తుంది. సన్నటి శబ్దాన్ని గోడ ఆపుతుంది గానీ బేస్ మోతని ఆపలేదు, అది కిటికీ అద్దాన్నీ మంచాన్నీ కదిలించి మరీ వెళ్తుంది. లేచిన మనిషికి మళ్ళీ నిద్ర పట్టదు. ఆ రాత్రి నిద్రమత్తుతోనే డ్యూటీకి వెళ్తాడు, వేడి ఇనుము దగ్గరికో, క్రేను మీదకో. వీధిలో వెళ్ళిన కుర్రాడికి అదొక సరదా. ఈ ఇంట్లో ఆవిడకి తెల్లారేదాకా గుండెల్లో దడ.

ఇక తలుపు లోపలి సంగతి. "ఇవన్నీ మీకెందుకు మేడమ్, లోపల ఏసీలో కూర్చోండి" అని ఒక షాపులో నాతో అన్నారు. నేను కూర్చోలేదు, పక్కనే నిలబడి చూశాను. మీరూ నిలబడండి, అర్థం కానంత బ్రహ్మవిద్య కాదు. కారు తలుపు అద్దం దగ్గర పూర్తిగా మూసుకుని ఉండదు. వాన నీళ్ళు అద్దం వెంబడి తలుపులోకి దిగి, అడుగున ఉన్న చిన్న కన్నాల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్ళు మన కాళ్ళ వైపు రాకుండా లోపలి ప్యానెల్ వెనక చాలా కార్లలో ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. స్పీకరు పెట్టే తొందరలో కొందరు ఆ షీటుని బ్లేడుతో కోసి అలాగే వదిలేస్తారు. మా ఆడపడుచు వాళ్ళ కారుకి అదే చేశారు. మొదటి తుఫాను వానకే కార్పెట్ తడిసి, వారంలో ముక్క వాసన మొదలైంది. ఏ షాపు పనో తేలేలోపు చిన్నదానికి దగ్గు పట్టుకుంది. అసలే మనది సముద్రపు గాలి, ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. పోర్టు వైపు ఉండేవాళ్ళకి నల్లటి దుమ్ము ఒకటి. ఆ దుమ్ము అడుగు కన్నాల్ని పూడ్చేస్తే నీళ్ళు తలుపులోనే నిలవుంటాయి. ఇలాంటి ఊళ్ళో స్పీకరు కింద ఎండీఎఫ్ చెక్క రింగు వేస్తే అది చెమ్మకి ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్ రింగు అడగండి. స్పీకరు వెనక మాగ్నెట్ మరీ లోతుగా ఉంటే అద్దం దింపినప్పుడు దానికి తగులుతుంది. ప్యానెల్ మూసే ముందే అద్దం పూర్తిగా దింపి చూపించమనండి.

వైర్ల సంగతి ఇంతకన్నా ముఖ్యం. ఒక లెక్క చెప్తాను. మన బాత్రూములో 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద 9 ఆంపియర్ల లోపే లాగుతుంది. దానికే మనం మందం వైరు, వేరే స్విచ్చు పెట్టించాం. కారులో ఉన్నది 12 వోల్టులే. అక్కడ 400 వాట్ల ఆంప్లిఫయరు పూర్తి జోరు మీదుంటే 33 ఆంపియర్లకి పైనే లాగుతుంది. అంటే గీజరుకి మూడున్నర రెట్ల పైన కరెంటు, మనం కూర్చున్న సీటు కిందనుంచి! ఆ వైరు సన్నగా ఉన్నా, రాగి పూత పూసిన అల్యూమినియం అయినా వేడెక్కుతుంది. ఎక్కడో రేకుకి రాసుకుని తొక్క లేస్తే, మధ్యలో ఫ్యూజు లేకపోతే, మంటే. ఫ్యూజు ఉండాల్సింది ఆంప్లిఫయరు దగ్గర మాత్రమే కాదు, బ్యాటరీకి రెండు జానల లోపు. బానెట్ ఎత్తి "ఫ్యూజు ఎక్కడ?" అని అడగడానికి ఇంజినీరింగ్ సీటు రానక్కర్లేదు.

ఇంత చేసినా మంచి పాట వస్తుందా అంటే, చాలాసార్లు రాదు. మనకి దగ్గర్లోనే బొబ్బిలి ఉంది కదా. అక్కడ వీణ చేసేవాళ్ళు పనస చెక్కని ఓపిగ్గా తొలుస్తారు. తీగ ఎంత మంచిదైనా కుండ సరిగ్గా లేకపోతే నాదం పలకదని వాళ్ళకి తెలుసు. కారులో స్పీకరుకి తలుపే కుండ. తలుపు రేకు గలగలమంటుంటే, కన్నాలన్నీ తెరిచి ఉంటే, స్పీకరు వెనక్కి వెళ్ళే శబ్దం ముందుకొచ్చే శబ్దాన్ని చంపేస్తుంది. అప్పుడు దరువు రావట్లేదని ఇంకా పెద్దది కొంటారు, ఆంప్లిఫయరు తగిలిస్తారు, డిక్కీలో డబ్బా పెట్టి నా కూరగాయల సంచికి చోటు లేకుండా చేస్తారు. తలుపుకి సరైన డ్యాంపింగ్ షీటు వేసి కన్నాలు మూసి ఉంటే మామూలు స్పీకర్లే చక్కగా పలికేవి. నీళ్ళు పోయే అడుగు కన్నాలు మాత్రం మూయకూడదు సుమా.

డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసిన వాట్లు చూసి మోసపోకండి. అవి క్షణకాలం తట్టుకునే పీక్ వాట్లు. ఆర్ఎంఎస్ అని చిన్నక్షరాల్లో ఉండేదే అసలు సంఖ్య. మామూలు స్టీరియో ఒక్కో స్పీకరుకి నిలకడగా ఇచ్చేది 20 వాట్ల చుట్టుపక్కలే. అందుకని చూడాల్సింది సెన్సిటివిటీ. అది 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకరుకి అదే శబ్దానికి సగం పవరు చాలు. 89 ఉన్నదాని బదులు 92 ఉన్నది తీసుకుంటే ఆంప్లిఫయరు ఖర్చు, ఆ 33 ఆంపియర్ల భయం రెండూ తప్పే అవకాశం ఉంది. ఇంటి బడ్జెట్ చూసే మనకి ఇంతకన్నా మంచి బేరం ఏముంటుంది?

"పాపం, మగాళ్ళకి ఆ ఒక్క సరదా కూడా ఉండకూడదా?" అని మీలోనే కొందరు అడుగుతారు, నాకు తెలుసు. ఉండొచ్చమ్మా. మనం ఒక చీర ఎక్కువ కొంటే ఏడాది పొడుగునా ఆ చీర కథ ఇంట్లో నడుస్తుంది. ఆయన సరదాకి మాత్రం లెక్కా పత్రం ఉండవు. పైగా చీర వల్ల ఎవరి చెవీ పోదు, ఎవరి నిద్రా చెడదు. శబ్ద ప్రమాణాలు మీరి బండి నడిపితే, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. అది కట్టాల్సి వస్తే ఇంటి డబ్బులోంచే కదా.

కాబట్టి ఈసారి ఇంట్లో "స్పీకర్లు మార్పిద్దాం" అన్న మాట వస్తే వద్దనకండి. "నేనూ వస్తా" అనండి. వెనక సీట్లో కూర్చుని, మీకిష్టమైన పాత పాట పెట్టించి, మాట స్పష్టంగా వినిపిస్తోందో లేదో మీరే తేల్చండి. వైరు కోయకుండా కప్లర్‌తో కలుపుతారా అని అడగండి, వైర్లు కోసినట్టు కనబడితే రేపు ఎలక్ట్రికల్ వారంటీకి పేచీ రావచ్చు. ప్లాస్టిక్ షీటు తిరిగి అంటించి చూపించమనండి. ఫ్యూజు చూపించమనండి. పెట్టిన సామాన్లకి బిల్లు తీసుకుని ఇన్సూరెన్సులో రాయించండి. "మీకేటి తెల్దు మేడమ్" అంటే నవ్వి, తెలిసేదాకా అక్కడే నిలబడండి. సమాధానం చెప్పలేని షాపు నుంచి తాళాలు తీసుకుని వచ్చెయ్యండి. స్టీరియోలో గరిష్ఠ వాల్యూమ్‌కి హద్దు పెట్టే సెట్టింగ్ ఉంటే, ఎంత దగ్గర ఆపాలో వెనక సీట్లో పిల్ల పక్కన కూర్చుని మీరే చెప్పండి.