వేలు పడలేదు, కూలి అందలేదు

బ్యాంకింగు రంగంలో విప్లవం వచ్చిందనీ, ఢిల్లీలో మీట నొక్కితే పల్లెలో డబ్బు పడుతోందనీ పాలకులు ఊదరగొడుతున్నారు. డబ్బు ఖాతాలో పడుతోంది, నిజమే. కాని ఖాతాలోంచి కూలీ చేతికొస్తోందా? అసలు ప్రశ్న అది.

మిరప కోతలప్పుడు ఒక గ్రామంలో మేము కళ్లారా చూశాం. బ్యాంకు తరపున డబ్బులిచ్చే కుర్రవాడు అరుగు మీద యంత్రం పెట్టుకు కూర్చున్నాడు. అరవయ్యేళ్ల కూలీ ఒకామె నాలుగుసార్లు వేలు పెట్టింది. "పెద్దమ్మా, వేలు పడటంలా, రేపు రా" అన్నాడు. "రేపొస్తే రేపటి కూలి నువ్విస్తావా నాయనా?" అందామె. నాట్లేసి, కలుపు తీసి, కాయ కోసి అరిగిన వేలది. కష్టం చేసినందుకే యంత్రం ఆమెను ఆనవాలు పట్టలేదు!

1969లో 14 బ్యాంకులను, 1980లో మరో 6 బ్యాంకులను జాతీయం చేశాక పల్లెల్లో శాఖలు వెలిశాయి. పేదవాడికి అప్పు సులువుగా పుట్టిందని కాదు, మేనేజరును నిలదీయడానికి ఒక గడప అంటూ ఏర్పడింది. 2006లో రిజర్వు బ్యాంకు బయటి ఏజెంట్లకు అనుమతినిచ్చింది. 2014లో జన్‌ధన్ ఖాతాలు వచ్చాయి. ఆడకూలీల పేర ఖాతాలు తెరిచారు, మధ్యవాళ్ల కోత కొంత తగ్గింది. ఈ మేలును మనం కాదనక్కరలేదు.

2024 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలి చెల్లింపుకు ఆధార్ పద్ధతిని తప్పనిసరి చేశారు. ఇందులో కిటుకేమిటి? డబ్బు ఖాతా నెంబరు చూసి పోదు. ఆధార్‌కు ఆఖరున ఏ బ్యాంకును జతచేశారో ఆ బ్యాంకుకు పోతుంది. ఆ జాబితా ఎన్‌పీసీఐ అనే చెల్లింపుల సంస్థ దగ్గర ఉంటుంది. కూలీ చేతిలో ఒక బ్యాంకు పాసుపుస్తకం, డబ్బు మరో బ్యాంకులో! ఏజెంటునడిగితే బ్యాంకుకు పొమ్మంటాడు, బ్యాంకునడిగితే మండలాఫీసు చూపిస్తారు. ఈ తిరుగుళ్లలో పోయే దినకూలి ఏ లెక్కలోనూ ఎక్కదు.

ఇంకో సంగతి. ఒక్కోసారి వేలు పడుతుంది, ఖాతాలో డబ్బు తగ్గుతుంది, చేతికి మాత్రం రాదు. అలా జరిగితే 5 రోజుల్లో డబ్బు తిరిగి జమ చేయాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారమివ్వాలనీ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ వంద రూపాయల నోటు ఏ కూలీ చేతిలోనూ మేమింతవరకు చూడలేదు. అడిగేవాడు లేకపోతే ఉత్తర్వు కాగితంగానే ఉంటుంది.

మనం యంత్రాలకు వ్యతిరేకులం కాం. యంత్రం చెడితే నష్టం కూలీదీ, ఖర్చు తగ్గిన లాభం బ్యాంకుదీ అయ్యే పద్ధతికి వ్యతిరేకులం. వేలు పడకపోతే మనిషిని చూసి, సంతకమో సాక్షినో తీసుకుని శాఖలోనే నగదు ఇవ్వాలి. ప్రతి లావాదేవీకి రశీదివ్వాలి. ఏ బ్యాంకుకు ఆధార్ జతపడిందో పంచాయతీలో చెప్పే ఏర్పాటుండాలి. మూసిన శాఖలను తెరవాలి, సిబ్బందిని వేయాలి. ఇవీ మన డిమాండ్లు.

అందాకా చేతులు ముడుచుకు కూర్చోవద్దు. డబ్బు ఆగిన ప్రతి కూలీ పేరు, తేదీ, మొత్తం ఒక నోటుబుక్కులో రాయండి. రశీదు అడిగి దాచుకోండి. ఒక్కొక్కరుగా పోతే "రేపు రా" అంటారు. ఊరి కూలీలంతా కలిసి ఆ నోటుబుక్కుతో బ్యాంకు శాఖకు పోయి రాతమూలకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. ఒక్క వేలును యంత్రం కాదనగలదు. పిడికిలిని కాదనడం ఎవరి తరం?