ఎర బతికుంటేనే...

జనగామ ఎక్కడ, సముద్రం ఎక్కడ! జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఈ మూడు జిల్లాల్లో ఏ ఊళ్లో బస్సెక్కినా తీరం చేరేసరికి పూట గడిచిపోతుంది. అయినా ఇక్కడ సముద్రాలకు కొదవలేదు. భూపాలపల్లి జిల్లా ఘనపురంలో ఉన్నది గణపసముద్రం, కాకతీయ గణపతిదేవుడి కాలం నాటిది. మహబూబాబాద్ జిల్లా బయ్యారం పెద్దచెరువు అసలు పేరు ధర్మకీర్తి సముద్రం. గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిందని చెరువు కట్ట మీది శాసనమే చెబుతుంది. జనగామ వైపు కరువు నేలల్లోని చెరువులకైతే ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు వస్తున్నాయి.

నీళ్లు ఉప్పగా ఉండవు, అంతే తేడా. కట్ట మీద గాలం పట్టుకుని కూర్చున్నవాడి బెంగా, నడి సముద్రంలో పడవ అంచున కూర్చున్నవాడి బెంగా ఒక్కటే... దారం చివర ఎర బతికుందా, లేదా?

చెరువు నిండిన రోజుల్లో ఏ కట్ట మీదికెళ్లినా ఈ మాటలు వినిపిస్తాయి.

‘‘తాతా, ఇది సచ్చినట్టుంది.’’

‘‘సచ్చినదాన్ని కొర్రమట్ట ముట్టదు బిడ్డా. తీసెయ్. ఇంకోటి పట్టు.’’

పుస్తకాల్లో కొర్రమీను అని రాసే చేపనే ఈ ఊళ్లలో చాలామంది కొర్రమట్ట అంటారు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేప అయింది కూడా అదే. నాచు కింద, తామరాకుల నీడలో కదలకుండా పొంచి ఉండి, పక్కనుంచి పోయే పరకనో, నీటిపురుగునో, కప్పనో ఒక్క ఊపులో అందుకుంటుంది. దానికి వేట అంటే కదిలేదే. పిండిముద్దతో బంగారుతీగను పట్టొచ్చు, రోహును పట్టొచ్చు. కొర్రమట్టకు పిండిముద్ద చూపిస్తే పొద్దు పోతుందే తప్ప చేప రాదు. గోదావరిలో వాలుగ సంగతీ అంతే. అందుకే ఈ రెండు చేపల కోసం గాలం వేసేవాళ్లకు గాలం కంటే ముందు ఎర గురించి తెలియాలి.

పరకలు పట్టడం పిల్లలకు కూడా వచ్చిన విద్యే. వాటిని రెండు గంటలపాటు బతికించడమే కష్టం. చాలామంది చేసే మొదటి తప్పు ఇంటినుంచి కుళాయి నీళ్లు తెచ్చుకోవడం. అందులో క్లోరిన్ ఉంటే పరకల మొప్పలు దెబ్బతింటాయి. ఏ చెరువులో పట్టారో ఆ నీళ్లలోనే ఉంచాలి. రెండోది సన్నమూతి బిందెలు, సీసాలు. నీటిలోకి గాలి చేరేది పైభాగం నుంచే కాబట్టి లోతు గిన్నె కన్నా వెడల్పాటి బేసిన్ మేలు. బేసిన్‌ను చెట్టు నీడన పెట్టాలి, మధ్యమధ్య సగం నీళ్లు మార్చాలి. బేసిన్ నిండా నలభై పరకలు కుక్కేవాడి కంటే పది పరకలతో సరిపెట్టుకున్నవాడికే చివరికి ఎక్కువ ఎర మిగులుతుంది. సముద్రం మీదికి వేటకెళ్లే పెద్ద పడవల్లో బతికిన ఎర కోసం ప్రత్యేకంగా తొట్లు ఉంటాయి. వాటిని మూలలు లేకుండా గుండ్రంగా కడతారు. మూలలుంటే చేపలు అక్కడికే చేరి, ఒకదాన్నొకటి ఒరుసుకుని చస్తాయి. ఆ లెక్కన బేసిన్ కూడా గుండ్రనిదే కదా!

మూడో తప్పు చేతిది. ఎండకు కాగిన పొడి చేత్తో పరకను గట్టిగా పట్టుకుంటే ఒంటిమీది జిగురు ఊడి వస్తుంది. ఆ జిగురే దానికి చర్మ రక్షణ. చెయ్యి ముందు నీళ్లలో ముంచి, తర్వాత పరకను పట్టాలి. నీళ్లలోంచి తీసి, గుచ్చి, మళ్లీ నీళ్లలో వేసేదాకా పట్టే సమయం ఎంత తగ్గితే అంత మంచిది. దారం, బెండు, సీసం ముక్క అన్నీ ముందే కట్టి సిద్ధం చేసుకున్నాకే ఎరను ముట్టుకోవాలి. చేతిలో పరక కొట్టుకుంటుండగా దారం చిక్కు విప్పుతూ కూర్చుంటే అది గాలం ఎక్కకముందే సగం చస్తుంది.

ఇక గుచ్చడం. ఇక్కడ కొత్తవాళ్లంతా ఒకేలా ఆలోచిస్తారు. ఎర ఊడిపోకుండా ఉండాలని లోతుగా, అటూ ఇటూ రెండుసార్లు గుచ్చుతారు. ఊడదు నిజమే, బతకదు కూడా. గుచ్చే ప్రతి చోటా ‘ఇక్కడ గుచ్చితే ఇది ఈదగలదా, ఊపిరి పీల్చగలదా’ అని చూసుకోవాలి. పొట్టలో గుచ్చకూడదు. మొప్పల దగ్గరికి పోకూడదు. వెన్నెముకకు ముల్లు తగిలిందా, తోక చచ్చుబడుతుంది.

నిలకడ నీళ్లలో బెండు కింద వేలాడదీసేటప్పుడు వీపున గుచ్చడం మంచి పద్ధతి. వీపు రెక్కకు కాస్త ముందు, వెన్నెముకకు బాగా పైన, చర్మం, పలచటి కండ మాత్రమే పట్టేలా గాలాన్ని ఒక వైపునుంచి మరో వైపుకు దాటించాలి. అప్పుడు పరక అడ్డంగా వేలాడుతుంది, మామూలుగా ఈదుతున్నట్టే కనిపిస్తుంది. మొన పూర్తిగా బయటికి రావాలి. తిరిగి పొలుసుల్లోకి దిగిందంటే, కొర్రమట్ట నోరు మూసినా గాలం దాని దవడకు తగలదు, ఎరకే తగులుకుని ఉంటుంది. ‘పట్టింది, వదిలేసింది’ అని వాపోయే చాలా సందర్భాల్లో జరిగేది ఇదే.

పారే నీళ్లలో వీపు పనికిరాదు. మత్తడి దూకే చోట, తూము దగ్గర, కాళేశ్వరం దిగువన గోదావరి పాయల్లో వీపున గుచ్చిన పరక ప్రవాహానికి అడ్డం తిరిగి గిరగిరా తిరుగుతుంది. అలా తిరిగే చేపను ఏ వేటచేపా నమ్మదు, దారం కూడా మెలిపడుతుంది. అక్కడ పై పెదవికి గుచ్చాలి. తల ప్రవాహానికి ఎదురుగా ఉంటుంది, నోట్లోంచి నీళ్లు మొప్పల మీదుగా పోతాయి, ఊపిరి ఆడుతుంది. కొందరు కింది పెదవినీ పై పెదవినీ కలిపి గుచ్చుతారు. పట్టు బాగుంటుంది గానీ నోరు మూతపడి పరక తొందరగా సొలసిపోతుంది. నడిసంద్రంలో ట్యూనా, వంజరం కోసం బతికిన కానాగంతను పడవ వెనక నెమ్మదిగా లాగేవాళ్లు ముక్కు రంధ్రాల దగ్గర గుచ్చేది కూడా ఇందుకే. పెద్ద చేపల వేటలో ఇంకో అడుగు ముందుకేసి, ఎర ఒంటికి గాలమే తగలనివ్వరు. కంటి గుంటల పైభాగం గుండా దారం దాటించి, ఆ ముడికి గాలాన్ని తగిలిస్తారు. చేప గంటలకొద్దీ ఈదుతుంది.

మూడో చోటు తోకకు దగ్గర, కింది రెక్క మీదుగా. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ నాచు అంచున భలే పనిచేస్తుంది. అక్కడ లాగినట్టనిపిస్తే పరక లాగినవైపు రాదు, దూరంగా పారిపోవాలని చూస్తుంది. నాచు పక్కన వేసి దారం కాస్త బిగిస్తే తనంతట తానే ఆకుల కిందికి దూరుతుంది. కొర్రమట్ట ఉండేదీ అక్కడే.

పరకలు దొరకని రోజున ఎర్రలు ఉండనే ఉన్నాయి. పెంటకుప్ప పక్కన తడినేల తవ్వితే చాలు. మొత్తం ఎర్రను గాలానికి పూసలా ఎక్కించేస్తే అది మాంసపు ముద్ద అవుతుంది. ఒకటి రెండు చోట్ల గుచ్చి రెండు కొసలూ వదిలేస్తే నీళ్లలో మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది.

గాలం సైజు కూడా ఎరను బట్టే. పట్టాలనుకున్న చేపను తలుచుకుని పెద్ద గాలం కడతారు చాలామంది. వేలెడంత పరకకు ఆ బరువు బండరాయి. సన్నటి తీగతో చేసినదైనా మొన పదునుగా ఉంటే చాలు. బొటనవేలి గోటి మీద మెల్లగా ఆనిస్తే జారకుండా నిలవాలి, జారితే ఆకురాయి తియ్యాల్సిందే.

కప్పల మాటేమిటి? కొర్రమట్టకు కప్పను మించిన ఎర లేదని పాతవాళ్లు అంటారు. వెదురు కర్రలు కట్ట వెంట పాతి, కప్పను తొడ చర్మానికి గుచ్చి, నీటిమీద తేలేలా రాత్రంతా వదిలేసేవారు. పనిచేస్తుంది, కాదనలేం. కానీ కప్పలు వరి పొలంలో పురుగుల్ని తినే జీవాలు. కప్పకాళ్ల ఎగుమతిని భారత ప్రభుత్వం 1987లోనే నిషేధించింది. పరకతో అయ్యే పనికి పొలం కాపలాదారును చంపడం ఎందుకు?

ఎర అందుకున్నాక తొందరపడకూడదనేది పాత సలహా. కొర్రమట్ట ఎరను పట్టుకుని కాస్త దూరం పోయి, తిప్పుకుని, తల వైపునుంచి మింగుతుంది. అందాకా దారం వదిలి, పదో ఇరవయ్యో లెక్కపెట్టి, అప్పుడు లాగాలంటారు. ఇందులో ఒక చిక్కుంది. అంతసేపు ఆగితే గాలం కడుపులోకి దిగుతుంది. పావుకిలో పిల్ల పడితే వదిలేద్దామన్నా బతకదు. సముద్ర వేటలో దీనికి ఒక మందు కనిపెట్టారు, సర్కిల్ హుక్ అంటారు. మొన లోపలికి వంగి, దాదాపు గుండ్రంగా ఉంటుంది. చేప ఎరను మింగి పక్కకు తిరిగితే గాలం గొంతులోంచి జారి దవడ మూలకు వచ్చి పట్టుకుంటుంది. దీంతో ఎప్పటిలా ఒక్కసారిగా గుంజితే నోట్లోంచి ఊడి వస్తుంది. దారం మెల్లగా బిగిస్తూ పోవాలి, అంతే. గుంజడం అలవాటైన చేతులకు ఇది నేర్చుకోవడం కొంచెం కష్టమే.

అన్నట్టు, లక్షద్వీప్‌లోని మినికాయ్ జాలర్లది మరో దారి. బతికిన చిన్నచేపల్ని గాలానికి గుచ్చనే గుచ్చరు, ట్యూనా గుంపు మీదికి గుప్పిళ్లతో చల్లుతారు. ఆ ఆరాటంలో చేపలు ఎదురు ముల్లు కూడా లేని ఉత్త గాలాన్ని అందుకుంటాయి.

ఇంత చెప్పుకున్నాక, గాలం వేయకూడని చోటు గురించీ చెప్పుకోవాలి. మృగశిర కార్తె నాడు చేప తినాలన్నది ఇంటింటి ఆనవాయితీ. ఆ రోజు కొర్రమట్టకుండే గిరాకీ మరే చేపకూ ఉండదు. వానలు మొదలయ్యేదీ, కొర్రమట్ట గుడ్లు పెట్టడానికి సిద్ధమయ్యేదీ ఆ రోజుల్లోనే. లోతు తక్కువ నీళ్లలో నాచును పక్కకు నెట్టి జాగా చేసుకుంటుంది. గుడ్లు నీటిమీద తేలతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. ఆ పిల్లలు ఎర్రగా, వందలకొద్దీ ఒకే బంతిలా కలిసి తిరుగుతాయి. గాలి కోసం గుంపంతా పైకొచ్చినప్పుడు అక్కడ నీళ్లు చినుకులు పడ్డట్టు చిటపటలాడతాయి. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఈ కాపలా వారాల తరబడి సాగుతుంది.

ఆ ఎర్ర బంతి మధ్యలో బతికిన పరకను వదిలితే ఏమవుతుందో తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. క్షణం పట్టదు, పెద్దచేప దూకి పట్టుకుంటుంది. ఆకలికి కాదు, పిల్లల జోలికి ఎవరో వచ్చారని. గాలం వేటలో ఇంతకంటే తేలికైనది లేదు, అందుకే ఆశ కూడా ఎక్కువ. కాపలా చేప గిన్నెలో పడ్డాక ఆ బంతి గంటసేపు కూడా నిలవదు. జెల్లలు, నీటిపాములు, కొంగలు వచ్చేస్తాయి. కిలో చేప కోసం రాబోయే ఏళ్ల చేపలన్నీ పోతాయి.

ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ఉచిత చేపపిల్లల పథకంలో చెరువుల్లో పోసింది ప్రధానంగా బొచ్చె, రోహు, బంగారుతీగ లాంటివి. తోటి చేపల్ని తినే కొర్రమట్టను వాటితో కలిపి పెంచలేరు. అంటే ఊరి చెరువులో కొర్రమట్ట ఉండాలంటే అది తన పిల్లల్ని తానే పెంచుకోవాలి. చెరువు మీద హక్కున్న మత్స్య సహకార సంఘాల వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. సరదాగా గాలం వేయడానికి వచ్చినవాళ్లు సంఘాన్ని ఒక మాట అడగాలి. అడిగితే పిల్లలగుంపు ఏ మూలన తిరుగుతోందో వాళ్లే చూపిస్తారు, అటు పోవద్దని కూడా చెబుతారు.

పొద్దు వాలాక బేసిన్లో నాలుగైదు పరకలు మిగులుతాయి. రేపు ఇంకో చెరువుకు పోదాం, అక్కడికి పట్టుకెళ్దాం అనిపిస్తుంది. వద్దు. ఆ నలుగురిలో ఒకటి తిలాపియా పిల్లో, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లో అయితే, లేనిచోటికి కొత్త పోరు తీసుకెళ్లినట్టే. చిన్నప్పుడు వాటిని గుర్తుపట్టడం పెద్దవాళ్లకే కష్టం.

‘‘తాతా, ఇవ్వి ఏం జెయ్యాలె?’’

‘‘యాడ పట్టినవో ఆడనే ఇడిసిపెట్టు బిడ్డా. మెల్లగ... పైనుంచి గుమ్మరియ్యకు. బేసిన్ నీళ్లల్ల ముంచు, అవ్వే పోతయి.’’