ఇంటికిని రక్షణనియమములు వలయును

గోదావరిఖని, రామగుండము ప్రాంతములందు ముప్పదియేండ్లకు పైగా భూగర్భమున బొగ్గు త్రవ్వి, క్షేమముగా పదవీవిరమణ చేసిన పెద్దలు మన విద్యార్థుల యిండ్లలో ననేకులు గలరు. అట్టివారు తమ యింటి స్నానపుగదిలో సబ్బునీటిపై కాలుజారి, తుంటియెముక విరిగి మంచము పట్టుట మిక్కిలి శోచనీయము. అంతకంటెను శోచనీయ మేమనగా, ఆ వార్త విన్నంతనే "వయసు మీరినది గదా" యని మనము తల పంకించి యూరకుండుట. ఈ మాటను మేమంగీకరింపజాలము.

గనిలో ప్రమాదము సంభవించినచో దానిని విధికి విడిచిపెట్టుట లేదు. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని 7వ ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది మరణించిరి. అట్టి ఘటనలకు కారణమేమని విచారించుటకు చట్టము కలదు, అధికారులు కలరు. గనిలో సర్దారు ముందుగా పోయి, కఱ్ఱతో పైకప్పును తట్టి, శబ్దమునుబట్టి రాతి గట్టిదన మెఱుగును. తలపై టోపీయు, దీపమును, కాళ్లకు బూట్లును లేనివానిని లోనికి పోనియ్యరు. ఆ మనుష్యుడే వృద్ధుడై, రాత్రి రెండుగంటలకు లేచి, దీపము వేసికొనక, అరిగిన రబ్బరుచెప్పులతో, తడిసిన నున్నని టైల్సుమీద మరుగుదొడ్డికి నడచునపుడు అడ్డగించువా రెవ్వరు? సింగరేణిలో రక్షణ పక్షోత్సవములు జరుగుచున్నవి. మన యిండ్లకు రక్షణదిన మొక్కటియు లేదు.

ప్రపంచారోగ్యసంస్థ లెక్కప్రకారము ఏటేట 6,84,000 మంది పడిపోవుటవలన మరణించుచున్నారు. అందు అరువదియేండ్లు దాటినవారే యధికులు.

ఇక నెముకల మాట. పగటిషిఫ్టంతయు గనిలో గడపినవానికి సూర్యరశ్మి దక్కుట యఱుదు. కాని ఎండలో దిరుగువారికి మాత్రము కొదువలేదని తలపరాదు. తిరుపతిలో డాక్టరు సి.వి. హరినారాయణ్ ప్రభృతులు ఆరోగ్యవంతులైన దక్షిణాదివారిని పరీక్షించి 2007లో ప్రకటించిన పరిశోధనలో డి విటమిను లోపమును, ఆహారమున కాల్షియము కొఱతయు విస్తారముగా కనబడినవి. జాతీయ పోషకాహారసంస్థ చెప్పిన ప్రకారము పెద్దవారికి దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము కావలయును. నూఱు గ్రాముల బియ్యమున పది మిల్లీగ్రాములును సరిగా లేవు. అంతే తైదలయందు 340కి పైగా కలవు. తైదంబలిని బీదల తిండియని త్రోసివేసి మనమేమి బాగుపడితిమో తెలియదు!

ముట్లుడిగిన పిదప స్త్రీల యెముకలు త్వరితముగా పలుచబడును. అయినను మన యిండ్లలో పాలు పెరుగులు మొదట పిల్లలకు, పిదప షిఫ్టునుండి వచ్చినవారికి, మిగిలినచో తల్లికి. ఈ యాచారమును మేము మెచ్చజాలము. గనిలో నడుగిడని తల్లియే పడినప్పుడు ముందుగా విఱుగును.

మఱియొక విపరీతము కలదు. ఒకసారి పడినవారిని ఇంటివారు ప్రేమకొలది "కూర్చుండుము, లేవకుము" అందురు. కూర్చుండినకొలది కాళ్ల సత్తువ తగ్గును, సత్తువ తగ్గినకొలది మరల పడుదురు. వ్యాయామమువలన వృద్ధులు పడుట నూటికి ఇరువదిమూడు వంతులు తగ్గునని 2019లో వెలువడిన కొక్రేన్ సమీక్ష, నూఱుకు మించిన పరిశోధనలను పరిశీలించి, తేల్చినది. కుర్చీనుండి చేతుల యూత లేక పదిమారులు లేచి కూర్చుండుట, గోడ పట్టుకొని ఒంటికాలిపై నిలుచుట, దినమును నడచుట: వీనికి కాసు ఖర్చు లేదు. పెద్దలు మొదట వైద్యుని నడిగి యారంభించుట మేలు. నిద్రమాత్రలు, రక్తపుపోటు మాత్రలు తల త్రిప్పునేమో, కంటిలో శుక్లములు ముదిరినవేమో యప్పుడే చూపించుకొనవచ్చును.

బాలబాలికలారా! ఈ సెలవులలో మీ యింటికి మీరే సర్దారులు కండు. రాత్రివేళ టార్చిలైటు తీసికొని నాయనమ్మ మంచమునుండి మరుగుదొడ్డిదాక ఆమెకంటె ముందు నడచి చూడుడు. దారిలో విద్యుత్తు తీగ పడియున్నదా? చాప యంచు మడిగినదా? గడప కనబడుచున్నదా? దీపపు స్విచ్చి మంచమునుండి చేతికందునా? స్నానపుగది గోడకు ఇనుపకడ్డీ నొకటి తాపీమేస్త్రిచే గట్టిగా సిమెంటుతో బిగింపింపుమని తండ్రి నడుగుడు. తువాలు వ్రేలాడదీయు కమ్మి యున్నది గదా యని యాయన యనవచ్చును. అది మనుష్యుని బరువు నోపదు.